ఢిల్లీ లేఖ: అడ్డా మీది కూలీకి తొంభై రోజుల పరీక్ష

రాజధానిలో తెల్లవారుజామునే జనం గుమిగూడే కూడళ్ళు అనేకం ఉన్నవి. ఇక్కడివారు వాటిని లేబర్ చౌక్ అంటారు. మన ఊళ్ళలో అడ్డా అంటాము. బీహారు, బుందేల్‌ఖండ్, బెంగాల్ ప్రాంతాల నుంచి వచ్చిన పనివారు తాపీ, రంపం, రంగుల కుంచె చేతబట్టుకుని మేస్త్రీ పిలుపు కోసం నిలబడతారు. పొద్దెక్కేలోగా పిలుపు రాకపోతే ఆనాటికి పస్తే.

ఈ అడ్డాను కంప్యూటరులోకి తేవాలని కేంద్ర ప్రభుత్వం కొన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నది. ఉద్యోగాల సమాచారం కోసం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్, అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ వెలిశాయి. ఈ రెంటినీ అనుసంధానిస్తామని 2022 బడ్జెటు ప్రసంగంలో ఆర్థికమంత్రి ప్రకటించారు. 2024 అక్టోబరులో వివిధ సంక్షేమ పథకాలను ఈ-శ్రమ్‌లో ఒకచోటికి చేర్చారు. 2025 జనవరిలో దానిని 22 భాషలలో అందించారు. నమోదైనవారి సంఖ్య 30 కోట్లు దాటింది.

భాషా సౌకర్యం చిన్న విషయమేమీ కాదు. గోడ కట్టేవాడు కోస్తాలో తాపీ మేస్త్రీ, రాయలసీమలో బేల్దారి, తెలంగాణలో సుతారి, ఢిల్లీలో రాజ్‌మిస్త్రీ. తన నేర్పును తన మాటలో చెప్పుకోగలగడం అతనికి గౌరవమే. కాని గౌరవంతోనే పూట గడవదు గదా!

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వినియోగించాలని 1996లో పార్లమెంటు చట్టం చేసింది. అలా వసూలైన 37,400 కోట్ల రూపాయలకు పైబడిన ధనంలో ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు ఆక్షేపించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ఆ పాత చట్టాలను తమలో కలుపుకున్నా, ఒక నిబంధన యథాతథంగా నిలిచింది. సంక్షేమ మండలి లబ్ధిదారు కావాలంటే గత పన్నెండు నెలలలో కనీసం 90 రోజులు నిర్మాణపు పని చేసి ఉండాలి. నేడొక మేస్త్రీ వద్ద, రేపొక మేస్త్రీ వద్ద పనిచేసే కూలీకి ఆ తొంభై రోజుల లెక్క ఎవరు రాసివ్వాలి? ఈ-శ్రమ్ కార్డు ఉన్నంత మాత్రాన మండలి సభ్యత్వం లభించదు.

ఆ సభ్యత్వం విలువ 2024 శీతాకాలంలో తెలిసివచ్చింది. వాయు కాలుష్యం కారణంగా ఢిల్లీలో నిర్మాణాలు నిలిపివేసినప్పుడు, సుప్రీంకోర్టు ఆదేశాలపై సుమారు 90 వేల మంది కార్మికులకు తలా 8,000 రూపాయల భృతి ముట్టింది. అది మండలి జాబితాలో పేరున్నవారికి మాత్రమే. పేరు లేనివారికీ అదే పొగ, అదే నిషేధం. భృతి మాత్రం లేదు.

కనుక పనిని చూపించే పోర్టల్, చేసిన పనిని కూడా లెక్కించాలి. ఎవరు పిలిచారు, ఎన్ని రోజులు చేయించుకున్నారు, ఎంత కూలి ఇచ్చారు అన్న వివరాలు అందులో నమోదై, ఆ నమోదే 90 రోజులకు రుజువుగా చెల్లాలి. ఇందుకు కావలసిన నియమాన్ని మన సభ్యులు పార్లమెంటులో కోరవచ్చు. అది లేనంతకాలం ఎన్ని కొత్త హంగులు చేర్చినా, వీధిలోని అడ్డా సెల్‌ఫోనులోకి మకాం మార్చినట్లే అవుతుంది.