చిన్న రైలుయంత్రము – దాని బాయిలరు

మార్కాపురము పలకలపై అక్షరములు దిద్దినవారికి పలకరాయి క్రొత్తది కాదు. బ్రిటనులోని వేల్సు కొండలలో ఈ జాతి రాతిని ఇండ్లకప్పులకై విరివిగా త్రవ్వెడివారు. అచ్చటి డినార్విక్ గనిలో బండ్లను లాగుటకు లీడ్స్ నగరపు హన్స్‌లెట్ కంపెనీవారు చిన్న ఆవిరియంత్రములను నిర్మించి యిచ్చిరి. పట్టాల నడుమ దూరము రెండడుగులకు కొంచెము తక్కువ. వానిలో 1902 లో తయారైన 'హోలీ వార్' 1967 వరకు గనిలో పనిచేసినది. వేల్సు పలకరాతి గనులలో చిట్టచివర నడచిన ఆవిరియంత్రము అదియే. అదే యేట తయారైన 'ఆలిస్' కు అంత అదృష్టము లేదు. దాని భాగములను ఊడదీసి యితర యంత్రములకు వాడుకొనిరి. అట్టి దానిని కూడ అభిమానులు 1990 తరువాత పునర్నిర్మించి నడిపించిరి. నేడు ఈ రెండింటికిని బాలా సరస్సు ఒడ్డునగల చిన్న రైలుమార్గమే నివాసము.

చక్రములు, కడ్డీలు, బేరింగులు అరిగినచో క్రొత్తవి చేయించి అమర్చవచ్చును. అసలు చిక్కంతయు బాయిలరుతోనే. త్రుప్పు రేకును లోపలినుండి తినును. పైకి మాత్రము రంగు నిగనిగలాడుచుండును. అందుచే రేకు మందమును శ్రవణాతీత ధ్వనులతో కొలిచి, పలుచబడినచోట కోసి, క్రొత్త రేకు నతుకుదురు.

తరువాత పీడన పరీక్ష. సాధారణముగా పనిచేయు పీడనమునకు ఒకటిన్నర రెట్లు పెట్టుదురు. అయితే దీనిని ఆవిరితో గాక చన్నీటితో చేయుదురు. ఎందువలన? చదరపు అంగుళమునకు 150 పౌనుల పీడనము పెట్టినను నీటి ఘనపరిమాణము సుమారు రెండువేలవ వంతు మాత్రమే తగ్గును. కనుక అందులో నిలువయుండు శక్తి అత్యల్పము. అతుకు విడినచో నీరు చిమ్మి ఆగిపోవును, అంతే. వేడి బాయిలరు సంగతి వేరు. 100 పౌనుల పీడనమువద్ద నీరు సుమారు 170 సెంటిగ్రేడు డిగ్రీలవద్దగాని మరుగదు. రేకు చీలి పీడనము తటాలున పడిపోయిన, ఆ నీటిలో నూటికి 13 వంతులు క్షణములో ఆవిరియగును. అనగా ఒక్క కిలోగ్రాము నీటినుండి 200 లీటర్లకు పైగా ఆవిరి! బాయిలరు ప్రేలుడనగా ఇదియే. ఈ లెక్కను ఉపాధ్యాయులు గుప్తోష్ణము పాఠమున విద్యార్థులచే చేయించవచ్చును.

యంత్రము నడుచునపుడు కూడ రక్షణ నీటిదే. నిప్పుగూటి కప్పుపై నీరున్నంతకాలము ఆ లోహము నీటికంటె ఎక్కువ వేడెక్కదు. నీటిమట్టము దిగి కప్పు బయటపడినచో లోహము ఎఱ్ఱబడి, మెత్తబడి, క్రుంగును. అందుకే కప్పులో సీసము నింపిన బిరడా నుంతురు. సీసము 327 డిగ్రీలకే కరగును. ఆవిరి నిప్పుపైకి దూకి, పనివారిని హెచ్చరించును. కాని బిరడా కరగువరకు వేచియుండు డ్రైవరు మంచి డ్రైవరు కాడు. అతని చూపెల్లప్పుడు నీటిమట్టము చూపు గాజుగొట్టముపైనే యుండును.

అయినచో అంత పీడనముగల బాయిలరులోనికి నీరెట్లు పోవును? ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ జిఫార్ 1858 లో కనిపెట్టిన ఇంజెక్టరు ఈ పని చేయును. బాయిలరులోని ఆవిరియే ఆ బాయిలరులోనికి నీటిని నెట్టుటను మొదట విన్నవారు నమ్మరు. ఆవిరి సన్నని రంధ్రమున మిక్కిలి వేగము పొందును. చన్నీటిని తాకి ఘనీభవించి, తన వేగమును నీటికిచ్చును. ఆ ధార క్రమముగా వెడల్పగు గొట్టమున నెమ్మదించినపుడు వేగము పీడనముగా మారి బాయిలరు పీడనమును మించును. ఆవిరి ఘనీభవించుటయే ఇందలి కీలకము. తొట్టినీరు బాగుగా వేడెక్కినచో ఇంజెక్టరు మొరాయించును. ఈ గనియంత్రములలో నీటితొట్టి జీనువలె బాయిలరుపైననే కూర్చుండును గనుక ఎండదినములలో ఈ బెడద తప్పదు. రెండవ ఇంజెక్టరు కూడ పనిచేయనిచో, బండి ఎచ్చట నున్నను ఆపి, గాజులో నీరింకను కనబడుచుండగనే నిప్పును లాగివేయవలెను.