వైరస్ వేసే క్యాన్సర్ బీజం

క్యాన్సర్ అనగానే పొగాకో, వంశపారంపర్యమో, తలరాతో గుర్తొస్తుంది గానీ వైరస్ గుర్తురాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో మాత్రం ఆధారాలు వైరస్‌నే వేలెత్తి చూపుతున్నాయి. 1980ల తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఆ కణితుల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) 16, 18 రకాలను కనుగొంది. ఆ కృషికే ఆయనకు 2008లో నోబెల్ దక్కింది. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఆ రెండు రకాలే మూలం. అవి తయారుచేసే ప్రోటీన్లు, కణ విభజనను అదుపులో ఉంచే మన ప్రోటీన్లను నిర్వీర్యం చేస్తాయి.

వైరస్ సోకినవారందరికీ క్యాన్సర్ రావడం లేదు కదా, మరి దాన్నే దోషి అనవచ్చా? ప్రశ్న సబబే. చాలామందిలో రోగనిరోధక శక్తి ఒకటి రెండేళ్లలోనే వైరస్‌ను వదిలించుకుంటుంది. అది ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ముప్పు. పొగతాగడం, హెచ్‌ఐవీ ఆ ముప్పును పెంచుతాయి. వైరస్ ఒక్కటే చాలదు నిజమే, కానీ అది లేకుండా ఈ క్యాన్సర్ రావడం అరుదు. అసలు రుజువు నివారణలో ఉంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే మరో వైరస్ హెపటైటిస్-బి. దానికి తైవాన్ 1984లో పసికందులకు టీకా మొదలుపెట్టాక పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. స్వీడన్, ఇంగ్లండ్‌లలో చిన్న వయసులో హెచ్‌పీవీ టీకా పొందిన యువతుల్లో ముఖద్వార క్యాన్సర్ బాగా తగ్గింది.

అలాగని క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అంటుకునేది వైరస్ మాత్రమే, రోగిని దూరం పెట్టడం అన్యాయం. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించండి. టీకా వేసుకున్నా సరే, 30 దాటిన స్త్రీలు ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మానవద్దు.