సంద్రంలో కరెంటు పోతే...

1969 ఏప్రిల్‌. అట్లాంటిక్‌ మహాసముద్రంలో 32 అడుగుల చిన్న తెరచాప పడవ... అందులో ఒకే ఒక్క మనిషి. నాలుగు నెలలకు పైగా అతని జాడ లేదు. ఉన్నాడో లేడో ఇంట్లోవాళ్లకే తెలీదు. అజోర్స్‌ దీవులకు పశ్చిమాన ఓ చమురు ఓడ కనపడగానే, దీపాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ దానికి సంకేతాలు పంపాడు. 'సుహైలీ' క్షేమమని లోకానికి అప్పుడు తెలిసింది!

ఆ మనిషి రాబిన్‌ నాక్స్‌ జాన్‌స్టన్‌. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూగోళాన్ని చుట్టొచ్చిన మొదటి నావికుడు. పడవేమో మన ముంబయిలో టేకుతో కట్టింది. 312 రోజుల ప్రయాణాన్ని ఆ టేకు తట్టుకుంది. తట్టుకోలేనిది రేడియోనే. బయల్దేరిన రెండున్నర నెలలకే అది మూగబోయింది.

గాలికి నడిచే పడవకి కరెంటుతో పనేంటీ అంటారా... చాలానే ఉంది. రాత్రిపూట ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు వెలగాలి. పెద్ద ఓడల కంటపడటానికి అవే ఆధారం. సాయం కోరాలంటే వీహెచ్‌ఎఫ్‌ రేడియో ఉండాలి. అడుగున చేరే నీటిని తోడేందుకు పంపు, దారి చూపేందుకు జీపీఎస్‌... అన్నిటికీ దిక్కు 12 వోల్టుల బ్యాటరీలు ఒకటో రెండో. అవి కారులో ఉండేలాంటివే.

2017-18లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదీ ఐశ్వర్య సహా ఆరుగురు నౌకాదళ అధికారిణులు ఐఎన్‌ఎస్‌వీ తరిణిలో ప్రపంచాన్ని చుట్టొచ్చారు. వాళ్లయినా, సొంత పడవలో సరదాకి వెళ్లేవాళ్లయినా ఒక్కటే ఇబ్బంది. మధ్య సముద్రంలోకి ఎలక్ట్రీషియన్ను పిలవలేరు! పడవలున్నవాళ్లలో చాలామంది వైరింగ్‌ పని తామే నేర్చుకునేది అందుకే.

పాతికేళ్ల పాత పడవ కొని స్విచ్‌ల బోర్డు విప్పితే లోపల అడవే. యజమాని మారినప్పుడల్లా ఓ వైరు చేరి ఉంటుంది. ఎర్రగా మొదలైంది మధ్యలో నల్లగా మారుతుంది. కొన్నయితే ఎక్కడికీ వెళ్లవు. వాటిని కత్తిరించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఉప్పుగాలి చివర్లనుంచి తొడుగు కిందుగా లోపలికి పాకి రాగిని నల్లగా, పచ్చటి చిలుముగా మార్చేస్తుంది. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూపోతే ఒక్కోసారి అడుగు పైనే పోతుంది. మొత్తం పీకి కొత్తది వేయడమే నయం. అదీ ఇళ్లలో వాడే ఒంటితీగ రకం కాదు. అలల కుదుపులకు అది విరిగిపోతుంది. సన్నటి పోగులెన్నో కలిపి, ప్రతి పోగుకీ తగరం పూత పూసిన వైరే కావాలి.

ఎంత లావుది? ఇక్కడే చాలామంది పొరబడతారు. తెరచాప స్తంభం కొసన ఓ 25 వాట్ల పాతరకం బల్బు ఉందనుకోండి. 12 వోల్టుల మీద అది రెండు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి పైదాకా 18 మీటర్లు... రానూపోనూ 36. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దార్లోనే 0.87 వోల్టు ఖర్చయిపోతుంది. 230 వోల్టులుండే మనిళ్లలో ఆమాత్రం తగ్గినా ఎవరికీ తెలీదు. ఇక్కడ అది ఏడు శాతం! బల్బు వెలుగు ఐదోవంతుకు పైగా పడిపోతుంది. దీపాలకు మూడు శాతం మించకూడదన్నది నియమం. అందుకని నాలుగు చదరపు మిల్లీమీటర్లది వేయాలి. ఖరీదే, కానీ కక్కుర్తిపడే చోటు కాదిది.

ఎల్‌ఈడీ పెడితే రెండున్నర వాట్లతో పోతుందిగా అనొచ్చు. నిజమే. పాత బల్బు పది గంటల్లో 20 ఆంపియర్‌-అవర్లు తాగితే ఇది రెండు చాలంటుంది. వంద ఆంపియర్‌-అవర్ల మామూలు బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే కాబట్టి అది చిన్న లాభం కాదు. కాకపోతే కొన్ని ఎల్‌ఈడీలు వీహెచ్‌ఎఫ్‌ రేడియోలో గోల పుట్టిస్తాయి. అమెరికా కోస్ట్‌గార్డ్‌ 2018లో దీనిమీద హెచ్చరిక కూడా జారీచేసింది. దీపం వేసీ, తీసీ రేడియో విని చూసుకోవాలి.

వైరు మంచిదైతే సరిపోదు, జాయింటు గట్టిదవ్వాలి. మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వానాకాలం ఆగదు. టంకం వేస్తే అక్కడ వైరు బిరుసెక్కి, ఊగీ ఊగీ దాని పక్కనే తెగుతుంది. సరైన పట్టుకారుతో రాగి గొట్టంలో నొక్కి, వేడిచేస్తే బిగుసుకుపోయే జిగురు తొడుగు వేయడమే మేలు.

పన్నెండు వోల్టులు షాక్‌ కొట్టవు కదా అన్న ధీమా మాత్రం ప్రమాదం. బ్యాటరీ రెండు కొనల మీదా పొరపాటున స్పానర్‌ పడితే క్షణాల్లో ఎర్రగా కాలిపోతుంది. మంటలంటుకుంటే పారిపోవడానికి చుట్టూ నీళ్లే! అందుకే ఫ్యూజును వీలైనంత వరకూ బ్యాటరీని ఆనుకునే పెడతారు. అది కాపాడేది పరికరాన్ని కాదు, వైరుని. నీళ్లు తోడే పంపుకి మాత్రం విడిగా ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే కలుపుతారు. మెయిన్‌ స్విచ్‌ ఆపేసి ఇంటికెళ్లినా, రేవులో ఉన్న పడవలోకి నీరు చేరితే అది తనంతట తనే తిరగాలి మరి.

పనంతా అయ్యాక చీకటిపడే దాకా ఆగుతారు. దీపాలన్నీ వేసి, ఒడ్డున దూరంగా నిలబడి చూస్తారు... ఎడమవైపుది ఎర్రదేనా అని. రెండు వైపులా రంగులు తారుమారైతే పడవ అటు వెళ్తుంటే ఇటు వెళ్తోందనుకుంటాడు ఎదుటి ఓడ నడిపేవాడు.