అబ్దుల్ అంటే సగం పేరే!



కొత్తవలసలో మా పక్కవాటా వాళ్ళ అబ్బాయిని నాలుగేళ్ళపాటు నేను "అబ్దుల్" అనే పిలిచాను. "ఒరే అబ్దుల్, రెండు రెబ్బలు కరివేపాకు కోసి పట్రారా" అంటే చాలు, పరుగెత్తుకొచ్చేవాడు. ఓ రోజు వాళ్ళమ్మగారు నవ్వుతూనే అన్నారు: "అక్కయ్యగారూ, మావాడి పేరు అబ్దుల్ రహీం అండీ. మీరు సగమే పిలుస్తున్నారు" అని. నాకు సిగ్గేసింది.

అరబ్బీలో "అబ్ద్" అంటే దాసుడు. చివరి "ఉల్" ఆ మాటను పక్కమాటతో కలుపుతుంది. రహీం అంటే దయామయుడు. అంటే వాడు దయామయుని దాసుడన్నమాట, మన రామదాసులాగే! అబ్దుల్ అని ఆపేస్తే ఎవరి దాసుడో చెప్పకుండా వదిలేసినట్టే కదూ? 2002లో రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలాం గారిని మనమంతా "కలాం గారు" అనే అన్నాం గాని "అబ్దుల్ గారు" అన్నామా? అయితే రహమాన్ వంటివి దేవుడి నామాలు గనక, వాటిని ఒంటిగా పిలవడానికి కొందరు ఇష్టపడరు. ఆ ఇంటివాళ్ళనే అడగడం మేలు.

ఈ పేర్లకూ మన సంస్కృత ధాతువుల్లాంటివి ఉన్నాయి. హ, మ, ద అనే మూడు హల్లులకు పొగడ్త అని అర్థం. వాటిలోంచే హమీద్, అహమ్మద్, మహమూద్, మహమ్మద్ వచ్చాయి. ఆడపిల్లకైతే హమీదా. జమీల్ అందగాడు, జమీలా అందగత్తె.

మనకు తెలియని భాష అనుకుంటాం గాని, రోజూ వాడుతున్నదే. "కోర్టు అమీనా వచ్చాడు" అంటే ఎవరికైనా గుండె దడే! ఆ అమీనాకూ, అమీన్ అనే పేరుకూ మూలం ఒకటే: నమ్మదగినవాడు. ఆదిల్ అంటే న్యాయవంతుడు, లోక్ అదాలత్‌లోని అదాలత్‌కు చుట్టమే. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకు మనవాళ్ళూ వెళ్ళి మొక్కుకుంటారు. ఖాదర్ అంటే శక్తిమంతుడు, వలీ అంటే దైవానికి ఆప్తుడు.

అలాగని ముస్లిముల పేర్లన్నీ అరబ్బీవే కావు. దస్తగిరి, పర్వీన్, జరీనా పారశీకం నుంచి వచ్చాయి.

అర్థం చూసే పేరు పెడతారా అంటే, అదీ కాదు. ప్రవక్తగారి మొదటి భార్య పేరు ఖదీజా. ఆ మాటకు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని అర్థం. ఆవిడ మీది గౌరవంతో పెట్టుకుంటారంతే. సీత అంటే నాగటిచాలు. మనం నాగలిని తలుచుకుని పెడుతున్నామా?

కిందటేడు రహీముకు చెల్లెలు పుట్టింది, ఎనిమిదో నెలలోనే. రెండు వారాలు ఆస్పత్రిలో ఉంచారు. మామూలుగా ఏడో రోజున చేసే వేడుక ఇరవై ఒకటో రోజుకు పడింది. మన బారసాల కూడా ఆ రోజున చేసేవాళ్ళున్నారుగా! నాయనమ్మగారు ఖదీజా అని పెడదామన్నారు. తల్లి వినలేదు. "ఆ తల్లి పేరు గొప్పదే అత్తమ్మా, కాని ఈ పదిహేను రోజులూ నాకు మళ్ళీ గుర్తుకు రావద్దు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సలీమా అని పెట్టారు. క్షేమంగా ఉన్నది అని అర్థం.

ఆస్పత్రి కాగితాల్లో సలీమా అనే రాయించారు. నాయనమ్మగారు మాత్రం ఒళ్ళో వేసుకుని ఇప్పటికీ ఖదీజా అనే పిలుచుకుంటున్నారు. ఆ బిడ్డ రెండింటికీ పలుకుతోంది.