ఎదురు చెప్పగలిగే చోట

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫ్ విమానాశ్రయంలో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఇంతకంటే పెద్ద విమాన ప్రమాదం ఈనాటికీ జరగలేదు. దట్టమైన పొగమంచులో పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉండగా, అవతలి చివర నుంచి కేఎల్ఎం విమానం అనుమతి లేకుండానే పరుగు మొదలుపెట్టింది.

ఆ కేఎల్ఎం విమానం కెప్టెన్ యాకబ్ ఫాన్ జాంటెన్ ఆ సంస్థలో సామాన్యుడు కాదు. 747 జంబో జెట్ పైలట్లకు శిక్షణ ఇచ్చే విభాగానికి ఆయనే పెద్ద. సంస్థ ప్రకటనల్లో కనిపించే ముఖం కూడా ఆయనదే. పక్క సీట్లో ఉన్న కో పైలట్‌కు ఆ విమానం నడిపే అర్హత పరీక్ష పెట్టినదీ ఆయనే. కెప్టెన్ మొదటిసారి ఇంజన్ల వేగం పెంచబోయినప్పుడు, కంట్రోల్ టవర్ నుంచి ఇంకా అనుమతి రాలేదని ఆ కో పైలట్ గుర్తుచేశాడు. తెలుసులే, అడుగు అన్నట్టు జవాబిచ్చి కెప్టెన్ ఆగాడు. కాసేపటికి అనుమతి రాకముందే మళ్లీ కదిలాడు. ఈసారి కో పైలట్ ఆయన్ను ఆపలేదు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కు మాత్రం రేడియోలో విన్న మాటల వల్ల అనుమానం వచ్చింది. ఆ రెండో విమానం రన్‌వే నుంచి తప్పుకోలేదేమోనని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ మళ్లీ నోరు విప్పలేదు. కొన్ని సెకన్లలో అంతా అయిపోయింది.

ఆ రోజు చాలా కారణాలు కలిసివచ్చాయి. లాస్ పాల్మాస్ విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నీ ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లాయి. ఒకేసారి ఇద్దరు మాట్లాడటంతో రేడియోలో కీలకమైన మాటలు సరిగా వినపడలేదు. పని గంటల పరిమితి దాటిపోతుందన్న ఒత్తిడి సిబ్బంది మీద ఉంది. అవన్నీ నిజమే. అయినా ఈ ప్రమాదం గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఆ ఇంజనీర్ దగ్గరే ఆగిపోతుంది. అతనికి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. రెండోసారి అడగడానికే నోరు రాలేదు.

మన ఇళ్లలో పిల్లలకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని. బడిలోనూ అదే సాగుతుంది. లెక్కల మాస్టారు బోర్డు నింపేసి, అర్థమైందా అని అడుగుతారు. అర్థమైంది సార్ అని తరగతి అంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. ఆ గొంతులో అర్థంకానివాళ్లే ఎక్కువమంది ఉండొచ్చు. మాస్టారు దాన్ని గౌరవం అనుకుంటారు, పిల్లలూ అలాగే అనుకుంటారు. కానీ దానివల్ల మాస్టారికి ఎంత నష్టమో చూడండి: తన పాఠం ఎక్కడ తప్పిపోయిందో తెలుసుకునే దారి మూసుకుపోయింది. అధికారం చేతిలో ఉన్నవాడికి నిజం చేరకుండా చేసే భయాన్ని గౌరవం అని పిలవడానికి నాకు మనసు ఒప్పదు. నిజంగా గౌరవించేవాడు, ఆయన పొరపాటు పడుతుంటే చూస్తూ ఊరుకోలేడు.

విమానయాన రంగం ఈ సంగతిని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం చక్రాల సమస్య తేల్చుకోవడానికి దాదాపు గంటసేపు గాల్లో చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలిపోయింది. పదిమంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని మిగతా సిబ్బందికి తెలుసు. కెప్టెన్‌కు తగలాల్సినంత గట్టిగా చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది నాసా ఈ విషయం మీదే సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థ కొత్త శిక్షణ మొదలుపెట్టింది. అందులో కిందివాళ్లకు అనుమానాన్ని నసగకుండా చెప్పడం, వినకపోతే మళ్లీ చెప్పడం నేర్పారు. కెప్టెన్‌కు అడగడం, వినడం నేర్పారు. చివరి నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే, దాన్ని ఎవరూ లాక్కోలేదు. మొదట్లో కొందరు సీనియర్ పైలట్లు ఈ శిక్షణను మర్యాదలు నేర్పే బడి అని ఎగతాళి చేశారు.

ఆ ఎగతాళికి 1989 జులై 19న సమాధానం దొరికింది. అదే సంస్థకు చెందిన విమానం తోక ఇంజన్ గాల్లో పగిలి, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పనిచేయకుండా పోయాయి. ఎవరూ ఊహించని పరిస్థితి కాబట్టి దానికి ఏ పుస్తకంలోనూ సూచనలు లేవు. కెప్టెన్ ఆల్ హేన్స్ తన సిబ్బందితో పాటు, ప్రయాణికుల్లో ఉన్న ఒక శిక్షక పైలట్‌ను కూడా కాక్‌పిట్‌లోకి రానిచ్చి, ఇంజన్ల వేగాన్ని అతని చేతికి అప్పగించాడు. మిగిలిన రెండు ఇంజన్ల వేగం హెచ్చుతగ్గులతోనే విమానాన్ని సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం కూలి 296 మందిలో 112 మంది మరణించారు, 184 మంది బతికారు. అప్పటికి అంతమంది బతకడమే అసాధ్యం అనిపించింది. హేన్స్ ఆ తర్వాత ఏ సభలో మాట్లాడినా ఆ శిక్షణ గొప్పతనం గురించే చెప్పేవాడు. నలుగురి మాటా విన్నందువల్ల ఆయన పెద్దరికం ఏమీ తగ్గలేదు.

ఆస్పత్రులు కూడా ఇదే దారి పట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం ఒక చెక్‌లిస్టు విడుదల చేసింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, పనీ చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. ఒకసారి తన గొంతు వినిపించిన నర్సుకు, పెద్ద డాక్టర్ పొరపాటు చేస్తున్నారనిపించినప్పుడు రెండోసారి మాట్లాడటం కాస్త తేలికవుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒకే జట్టులో పనిచేసేవాళ్ల సంగతులు. బల్లకు అవతల నిలబడ్డ మనిషి మాటేమిటి? అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ 1984లో షికాగో నగరంలో 1,575 మందిని ప్రశ్నించి, 1990లో ఒక పుస్తకం రాశాడు. జనం చట్టాన్ని ఎందుకు పాటిస్తారన్నదే అతని ప్రశ్న. శిక్ష భయం కంటే, ఆ అధికారం న్యాయమైనదన్న నమ్మకమే ఎక్కువ పనిచేస్తుందని తేలింది. ఆ నమ్మకం కూడా, తీర్పు తమకు అనుకూలంగా వచ్చిందా లేదా అన్నదాని కంటే, తమ మాట విన్నారా, పక్షపాతం లేకుండా చూశారా, మనిషిలా పలకరించారా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వచ్చే జనాన్ని గమనిస్తే ఇది కళ్లకు కడుతుంది. పొలం హద్దు కోసం, ఆగిపోయిన పింఛను కోసం పొద్దున్నే బస్సెక్కి వస్తారు. అరవై ఏళ్ల రైతును, మనవడి వయసున్న ఉద్యోగి "ఏం కావాలి నీకు?" అని తల ఎత్తకుండా అడిగితే, పని జరిగినా ఆ మనిషి కుంగిపోయే ఇంటికి వెళ్తాడు. అదే కుర్చీ చూపించి, కాగితం చదివి, ఇది ఇక్కడ అయ్యేది కాదు, ఫలానా కారణం అని విడమరిచి చెబితే, పని కాకపోయినా ఆ ఆఫీసు మీద నమ్మకం మిగులుతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. అందుకే ఇది జరగనప్పుడు నాకు బాధ ఎక్కువ.

తెలుగు నేల మీద దీన్ని చేసి చూపించిన అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక, దాన్ని పల్లెల్లో అమలు చేయించడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఆయనలా పట్టుబట్టినవాళ్లు అరుదు. 1987లో తూర్పుగోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. 1992లో ఉద్యోగ విరమణతో సంతకాలు, కారు, కుర్చీ అన్నీ పోయాయి. ఆ తర్వాతే ఆయన నాయకత్వంలో ఏర్పడిన పౌర స్పందన వేదిక ఇటు ప్రభుత్వంతోనూ, అటు ఆయనను అపహరించిన పక్షంతోనూ ఏళ్ల తరబడి మాట్లాడింది. ఇద్దరినీ హింస గురించి నిలదీసింది. ఇద్దరూ ఆయన నిలదీతను సహించారు. 2004 అక్టోబరులో ఆ రెండు పక్షాలూ హైదరాబాద్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చోవడానికి దారి వేసినవాళ్లలో, ఏ పదవీ లేని ఆ పెద్దమనిషి ముందువరసలో ఉన్నారు.