ఈతకు వెళ్ళే పిల్లల ముక్కు జాగ్రత్త

వేసవి సెలవులు వచ్చాయంటే మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పిల్లలు ఇంట్లో నిలవరు. నడుముకు బెండ్లు కట్టుకొని బావి గట్టు మీది నుండి దూకుతారు. కొంచెం పెద్దవాళ్ళు పెన్నా మడుగులకో, మైలవరం, గండికోట జలాశయాలకో, పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరుకో వెళతారు. ఈత మంచి వ్యాయామమే, వద్దని మేము చెప్పము. ఈత రాని పిల్లలను ఒంటరిగా పంపితే పోయే ప్రాణాలే అన్నిటికంటే ఎక్కువ, ఆ సంగతి మాత్రం ముందుగా గుర్తుంచుకోండి. ఈ నెల మేము చెప్పదలచినది నిలవ నీటిలో ఉండే పరాన్నజీవుల గురించి.

నీటి వలన జబ్బు అంటే మనకు తాగే నీరే గుర్తుకు వస్తుంది. అందుకు కారణం ఉంది. నారి కురుపు అంటే మన సీమ పెద్దలకు తెలుసు. దిగుడు బావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునేవారి కురుపులోంచి పురుగు పిల్లలు నీటిలోకి వెళ్ళేవి. సైక్లోప్స్ అనే చిన్న నీటి పురుగు వాటిని మింగేది. వడగట్టకుండా ఆ నీళ్ళు తాగినవారికి సుమారు ఏడాది తరువాత కాలిలో నుండి మీటరు పొడవు దాకా ఉండే పురుగు బయటికి వచ్చేది. దానిని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. దీనికి టీకా లేదు, మందూ లేదు. అయినా బట్టతో నీళ్ళు వడగట్టడం, దిగుడు బావులు మూసి చేతిపంపులు వేయడం, బావుల్లో మందు చల్లడం వలన 1996 జూలై తరువాత మన దేశంలో ఒక్క కేసు కూడా రాలేదు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

కాని ఈతకు దిగినప్పుడు నోటికంటే ముక్కునే ఎక్కువ కాపాడుకోవాలి.

నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబాను పత్రికలు 'మెదడు తినే అమీబా' అంటున్నాయి. ఇది వెచ్చని మంచినీటిలో, అడుగు బురదలో ఉంటుంది. ఉప్పు నీటి సముద్రంలో ఉండదు. ఈ నీరు తాగితే జబ్బు రాదు, ఒకరి నుండి ఒకరికి అంటదు. దూకినప్పుడు నీరు విసురుగా ముక్కు పైభాగానికి వెళితే మాత్రం, వాసన తెలిపే నరం వెంబడి ఇది మెదడుకు చేరుతుంది. చాలా అరుదైన జబ్బు. కాని వస్తే బ్రతికేవారు బహు కొద్దిమంది. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఇటువంటి అమీబా జబ్బులతో పిల్లలు, పెద్దలు చనిపోయారు.

మాకు భయం ఎక్కడంటే, దీని లక్షణాలు మన ఎండాకాలపు జ్వరాల మాదిరే ఉంటాయి. ఈత కొట్టిన తరువాత 1 నుండి 12 రోజుల లోపల విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు మొదలవుతాయి. వడదెబ్బ అనుకొని మజ్జిగ, ఉల్లిపాయ రసం ఇస్తూ ఒకటి రెండు రోజులు గడిపేస్తాము. అప్పటికి మెడ బిగుసుకొని, మాట తడబడి, ఫిట్స్ వస్తాయి. లక్షణాలు కనిపించాక మనకు ఉండేది కొద్ది రోజుల వ్యవధే. కనుక జ్వరం, తలనొప్పితో పిల్లవాణ్ణి తెచ్చినప్పుడు, "బావిలో ఈత కొట్టినాడు సార్, ఫలానా రోజు" అని మేము అడగకముందే చెప్పండి. తిడతారని పిల్లలు దాస్తారు, మెల్లగా అడగండి. ఆ ఒక్క మాటతో డాక్టరు వెన్నులోంచి తీసిన నీటిని వెంటనే సూక్ష్మదర్శినిలో చూడమంటారు. 2024లో కేరళలో కోళికోడ్ వైపు ఒక బాలుడు ఈ జబ్బు నుండి బయటపడ్డాడు. కుంటలో ఈత కొట్టిన సంగతి తండ్రి ముందుగానే చెప్పడం, మిల్టెఫోసిన్ వంటి మందులు త్వరగా మొదలుపెట్టడం అందుకు తోడ్పడ్డాయి.

ముక్కుకు వచ్చే మరొకటి రైనోస్పోరిడియోసిస్. పేరు పెద్దదే గాని ప్రాణం తీయదు. పశువులు దిగే చెరువుల్లో, కుంటల్లో స్నానం చేసేవారికి దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను ఎక్కువ. ముక్కులో మల్బరీ పండు వలె ఎర్రని కండ, పైన తెల్లని చుక్కలు, తాకితే రక్తం. చాలాకాలం దీన్ని బూజు జాతి అనుకున్నారు, ఇప్పుడు చేపల పరాన్నజీవులకు దగ్గరి బంధువని తేల్చారు. పసరు పోయించుకోవద్దు. ఆపరేషను చేసి మొదలును కాల్చాలి. అయినా కొందరికి తిరిగి వస్తుంది గనుక మళ్ళీ చూపించుకోవాలి.

ఇక చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ఎండలకు అడుగంటి గోరువెచ్చగా మారిన బావిలో, పచ్చబడిన కుంటలో దిగనీయకండి. దూకేటప్పుడు ముక్కు పట్టుకోవాలి, లేదా ఈతగాళ్ళ క్లిప్పు పెట్టుకోవాలి. అడుగున బురద కెలకకూడదు. ముక్కు కడుక్కునేవారు కాచి చల్లార్చిన నీరే వాడాలి. ఈత కొలను నడిపేవారైతే క్లోరిన్ కొలత చూడాలి.

చివరిగా, ఉద్యోగాలకు ఆఫ్రికా వెళ్ళిన మన పిల్లల కోసం ఒక మాట. విక్టోరియా సరస్సులో, స్కూబా డైవింగుకు పేరుబడ్డ మలావి సరస్సులో బిల్హార్జియా పురుగులుంటాయి. నత్తల నుండి వెలువడి, చెక్కుచెదరని చర్మంలోంచే ఒంట్లోకి దూరతాయి. ముక్కు మూసుకున్నా, నీళ్ళు కాచి తాగినా ఇది ఆగదు. ఒళ్ళంతా కప్పే డైవింగు సూటు కొంత అడ్డు, పూర్తి అడ్డు కాదు. అక్కడ నీటిలో దిగినవారు ఒంట్లో బాగున్నా సరే, ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత రక్తం, మూత్రం, మలం పరీక్ష చేయించుకోవాలి. ప్రాజిక్వాంటెల్ మాత్రలు ఎదిగిన పురుగుల మీదే బాగా పనిచేస్తాయి గనుక వచ్చిన మరునాడే మింగి ఊరుకోకూడదు. మూత్రంలో రక్తం కనబడితే మాత్రం అన్ని వారాలు ఆగకుండా వెంటనే రావాలి.