మూసీ బురదలో ఎవరి పని ఎవరిది

హైదరాబాద్‌లో నయాపూల్ వంతెన మీద నడిచేవారి చేత ముక్కు మూయించే మూసీ నది కంపులో పెద్ద వాటా హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలి చొరని అడుగు బురదలో సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా దాన్ని వదులుతుంది. అదే బురదలోంచి బుడగలుగా మీథేన్ కూడా లేస్తుంది. దానికి వాసన ఉండదు. దాన్ని పుట్టించేవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా.

మైక్రోస్కోపులో ఈ రెంటినీ విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఏకకణ జీవులే, రెంటికీ కేంద్రకం లేదు. అందుకే చాలాకాలం ఆర్కియాను బ్యాక్టీరియా లెక్కలోనే వేశారు. 1977లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ రూపాన్ని పక్కనపెట్టి, రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూశారు. మీథేన్ పుట్టించే జీవులది అసలు వేరే వంశమని తేలింది.

తేడా గోడ దగ్గరే మొదలవుతుంది. చాలా బ్యాక్టీరియాల కణకవచంలో పెప్టిడోగ్లైకాన్ అనే అల్లిక ఉంటుంది. పెన్సిలిన్ దెబ్బతీసేది ఆ అల్లికనే. ఆర్కియాలో ఆ పదార్థమే లేదు, కనుక పెన్సిలిన్ వాటినేమీ చేయలేదు. కవచం లోపలి కొవ్వు పొర కూడా వేరే. బ్యాక్టీరియాలోనూ మనలోనూ ఆ కొవ్వులు ఎస్టర్ బంధాలతో కలుస్తాయి, ఆర్కియాలో మాత్రం ఈథర్ బంధాలతో. ఇవి వేడికీ ఆమ్లానికీ తేలిగ్గా తెగవు. కొన్ని ఆర్కియా వంద డిగ్రీలు దాటిన నీటిలో బతకడానికి ఇదొక కారణం. ఇక డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ రాసే యంత్రాంగం చూస్తే, ఆర్కియాది బ్యాక్టీరియా కన్నా మనదానికే దగ్గర! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే. ఇంకో తేడా కూడా ఉంది: మనిషికి ఫలానా జబ్బు తెచ్చిందని ఏ ఆర్కియా మీదా ఇంతవరకు రుజువు కాలేదు.

మూసీ బాగు కోరేవారు ఈ తేడా తెలుసుకోవాలి. పాతబస్తీకి దిగువన, అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో మురుగు శుద్ధి కేంద్రం కట్టారు. అక్కడి పద్ధతిలో మురుగునీరు గాలి తగలకుండా, అడుగునుంచి బురద పొరను చీల్చుకుంటూ పైకి వస్తుంది. బ్యాక్టీరియా ముందు మలినాలను విరిచి ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. అక్కడినుంచి మీథేన్ దాకా తీసుకెళ్లేది ఆర్కియా. బ్యాక్టీరియా త్వరత్వరగా పెరుగుతుంది, ఆర్కియా నెమ్మది. మురుగు ఒక్కసారిగా చిక్కబడితే ఆమ్లాలు పేరుకుంటాయి, ఆ పులుపుకు ఆర్కియా చతికిలబడుతుంది, దాంతో ఆమ్లం మరింత పెరుగుతుంది. అందుకే నీటిని కొన్ని గంటల్లోనే వదిలేసినా, బురదను మాత్రం వారాల తరబడి లోపలే నిలిపి ఉంచుతారు.